లోపలి మేకు

గాలివాన సూదిరేవును ఒక్క పూట కొట్టి తన దారిన తాను పోయింది. మునిసిపాలిటీ వాళ్ళు కొట్టడం ఆ తర్వాత మొదలైంది.

ఆ గాలికి ఊళ్ళో ఉన్న సర్కారు కట్టడాలన్నిటికీ ఏదో ఒకటి పోయింది. బడికి తలుపులు పోయాయి. గ్రంథాలయానికి కిటికీలు పోయాయి. పశువుల ఆసుపత్రికి తలుపులూ కిటికీలూ రెండూ పోయి, గోడలు మాత్రం నిలబడి చూస్తున్నాయి. తలుపు లేని ఇంట్లో కుక్క దూరినట్టు వాటిల్లో దొంగలు దూరారు. అప్పుడు కమిషనర్ గారు ఒక దళాన్ని పెట్టారు. దాని పేరు 'తక్షణ కవాట భద్రతా దళం'. ఆ పేరుకి నోరు తిరగక జనం 'సెక్కల దండు' అన్నారు. ఎక్కడ తలుపు విరిగినా, కిటికీ పగిలినా ఆ దండు పరుగున వెళ్ళి చెక్కలు అడ్డంగా కొట్టి మూసేయాలి. కొత్త తలుపులు తర్వాత తీరిగ్గా వస్తాయి. ఆ తీరిక ఎప్పుడని ఎవరూ అడగలేదు.

సన్యాసమ్మ కొడుకు తవుడు ఆ దండులో చేరాడు. సన్యాసమ్మ బస్టాండు పక్కన చోడి అంబలి, అంటే రాగి అంబలి, అమ్ముకుంటుంది. మొగుడున్నాడు గాని నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ ఆమే మాట్లాడుతుంది. తవుడు అంతకు ముందు సెంట్రింగ్ పనికి వెళ్ళేవాడు. అన్నాళ్ళూ "సూద్దారి, సూద్దారి" అంటూ దాటవేస్తూ వచ్చిన గురయ్య, మునిసిపాలిటీలో పని దొరికిందనగానే కూతురు వరహాలుని ఇస్తానని తనే నడిచొచ్చాడు.

"సెంట్రింగోడికైతే ఇయ్యను గాని మునిసిపాలిటీవోడికి ఇత్తాను. ఇయాల కాంట్రాక్టు, రేపు పర్మినెంటు. కాదేటి సెల్లీ?" అన్నాడు.

"ఎందుకు కాదు అన్నా, అచ్చింతలు పడేసరికి పర్మినెంటే అయిపోద్ది" అంది సన్యాసమ్మ. పర్మినెంటు అంటే ఏమిటో ఇద్దరికీ సరిగ్గా తెలీదు. అయినా మాట కుదిరిపోయింది.

గురువారం పొద్దున ముహూర్తం. ఆ మర్నాటి నుంచి మూఢం. ఆ ముహూర్తం తప్పితే మళ్ళీ ఎండలు ముదిరేదాకా పెళ్ళి మాట లేదు. అంతదాకా ఆగే ఓపిక గురయ్యకి లేదు. అతని చేతిలో ఇంకో సంబంధం ఉంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు గాని అందరికీ తెలుసు.

ఇలా ఉండగా దండు పనికి ఒక చిక్కు వచ్చింది. మొదట్లో చెక్కలన్నీ బయటి నుంచి కొట్టేవారు. దొంగలు వచ్చి మేకులు ఊడబీకి, చెక్కలు పట్టుకుని, మేకులు కూడా ఏరుకుని పోయారు. లోపలి సామాను ముట్టుకోలేదు. లోపలివన్నీ పాతవి, చెక్కలొక్కటే కొత్తవి.

కమిషనర్ గారు సమావేశం పెట్టారు. చాలాసేపు కళ్ళు మూసుకుని, ఆనక తెరిచారు.

"నేరమునకు మూలకారణము మనకు దొరికినది. మేకు తల బయట ఉన్నది. తల చిక్కినచో దొంగ పీకును. తల చిక్కనిచో ఏమి పీకును? ఇకమీదట మేకులన్నియు లోపలి వైపు నుండి మాత్రమే కొట్టవలెను."

"అద్భుతం సార్" అన్నాడు ఏఈ ఆనందమోహన్. ఆ దండుని తిప్పే ఇంజనీరు ఆయనే. చప్పట్లు కూడా ముందు ఆయనే కొట్టాడు.

మర్నాడు గ్రంథాలయంతో మొదలుపెట్టారు. దండులో పెద్దవాడు దాలయ్య లోపలికి వెళ్ళి, కిటికీలన్నీ లోపలి నుంచి మూసి, వాకిలికి కూడా చెక్కలు కొట్టాడు. పని చాలా నికరంగా కుదిరింది. బయట ఒక్క మేకు తల లేదు. కాసేపటికి లోపలి నుంచి చెక్క మీద దబదబ చప్పుడైంది.

"బాబూ, అయిపోనాది. ఇప్పుడు నానెలగ రావాల?"

ఏఈ ఉత్తర్వు కాగితం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంట్లో మూయడం గురించే ఉంది దాలయ్యా. బయటికి రావడం గురించి లేదు."

"పోనీ, ఒక్క సెక్క ఊడదీసీమంటారా?"

"ఊడదీస్తే ఆస్తి ధ్వంసం. నీ ఉద్యోగం పోతుంది. ఆపైన ధ్వంసమైన వాకిలిని తక్షణం మూయాలి. మూయాలంటే మళ్ళీ లోపల ఒక మనిషి ఉండాలి."

దాలయ్య అది మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకున్నాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. చదువు రాని మనిషి కాబట్టి బొమ్మలున్న పుస్తకం ఒకటి వెతుక్కుని కూచున్నాడు.

ఏఈ భయపడుతూ వెళ్ళి ఈ సంగతి చెబితే కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆహా! మూసిన ఆస్తియందు సిబ్బంది నివసించుట! ఇది అదనపు భద్రత కాదా? కాపలాదారు అవసరమే తప్పినది!"

ఇక ఒక్కో కట్టడానికి ఒక్కో మనిషి చొప్పున దండు లోపలికి వెళ్ళిపోయింది. రోజూ పొద్దున్నే ఏఈ వచ్చి చెక్క మీద వేలితో కొడతాడు. లోపలివాడు తిరిగి కొడితే హాజరు. పశువుల ఆసుపత్రిలో ఉండిపోయినవాడైతే, జనం అడుగుతున్నారు గదా అని, చెక్క సందులోంచి గేదెల్ని చూసి ఏదో ఒక ఆకు పేరు చెబుతున్నాడు. డాక్టరు ఉన్న రోజుల కంటే అక్కడ రద్దీ పెరిగింది.

చివరికి బయట మిగిలింది తవుడొక్కడే. సన్యాసమ్మ పరుగున వెళ్ళి ఏఈని పట్టుకుంది.

"బాబూ, బేస్తవారం నా గుంటడి పెళ్ళి. అందాకా ఆడిని ఒగ్గీయండి. ఆనక ఏ గోడలో పెట్టి కొట్టుకుంటారో మీ ఇష్టం."

"అలాగేనమ్మా" అన్నాడు ఏఈ. మంచివాడే. కానీ మంగళవారం సాయంత్రం మునిసిపల్ కల్యాణ మండపానికి కిటికీ రెక్క ఒకటి ఊడి పడింది. పెళ్ళి జరగవలసింది ఆ మండపంలోనే.

సన్యాసమ్మ లబోదిబోమంది. ఏఈ ఆమెకి నచ్చజెప్పాడు. "ఏముందమ్మా? గురువారం అతను రావలసింది ఇక్కడికేగా. కాస్త ముందొస్తున్నాడు. పెళ్ళికొడుకు వేళకి రాడేమోనన్న బెంగ నీకు తప్పింది."

తవుడు సుత్తి పట్టుకుని లోపలికి వెళ్ళాడు. బుద్ధిమంతుడు. తలుపుకీ కిటికీలకీ అన్నిటికీ చెక్కలు కొట్టేశాడు. పెళ్ళి పందిరికి తెచ్చిన అరటిబోదెలు బయట ఉండిపోయాయి, పెళ్ళికొడుకు లోపల ఉండిపోయాడు.

సన్యాసమ్మ బుధవారం పొద్దున్నే అంబలి కుండ నెత్తిన పెట్టుకుని మండపానికి వచ్చింది. చెక్కల మధ్య సందు చిటికెన వేలు పట్టేంతే ఉంది. ఎదురుగా పెరట్లో ఉన్న బొప్పాయి చెట్టు ఆకు ఒకటి తెంపి, కాడ గొట్టంలా కోసి సందులో దూర్చింది. ఇవతల నుంచి ఆమె పోస్తే అవతల తవుడు తాగాడు. ఎండుచేప ముక్క మాత్రం పల్చగా ఉండబట్టి ఉత్తరం వేసినట్టు లోపలికి జారిపోయింది.

"ఒరే తవుడా, ఆ సుత్తి నీ సేతిలోనే ఉన్నాది. మేకు తల నీ యేపే ఉన్నాది. పీకీసి వచ్చీరా!"

"పీకితే ఉద్యోగం పోద్దమ్మా. ఉద్యోగం పోతే గురయ్య మావ పిల్లనియ్యడు."

"ముగుర్తం తప్పినా ఇయ్యడురా ఎర్రోడా!"

"అందుకే నాను ఎటూ కదలకుండా కూకున్నాను" అన్నాడు తవుడు. అవతల ముక్కు చీదిన చప్పుడైంది. సన్యాసమ్మ కొంగుతో చెక్క తుడిచింది. కొడుకు మొహం తుడిచినట్టే తుడిచింది.

అంతలో వరహాలు వచ్చింది. నలుగు పెట్టిన ఒళ్ళు, చేతులకి గోరింటాకు. చెక్క దగ్గరకి వంగి పిలిచింది.

"ఏం బావా, పెళ్ళి కాకుండానే ఇల్లరికం ఎల్లిపోనావేటి? ఆ మండపాన్నే సేసుకుంటావా, నన్ను కూడా సేసుకుంటావా?"

"వరాలూ, ఎకసెక్కాలాడకే. సందులోంచి నీ ముక్కుపుడకొక్కటే అవుపిస్తంది."

"అదైనా సూసుకో. రేపటికి అది కూడా అవుపించదు. మా నాన్న ఆ బొబ్బిలి సమ్మందం వోళ్ళకి కబురెట్టడానికి సెప్పులేసుకున్నాడు."

ఆ మాట వినగానే సన్యాసమ్మ కుండ అక్కడే వదిలేసింది. దారిలో గురయ్యని జబ్బ పట్టుకుని ఆపి, చెప్పుల్తో సహా మునిసిపల్ ఆఫీసుకి లాక్కుపోయింది.

కమిషనర్ గారి గది గోడల నిండా ఫొటోలు. ఆయన రిబ్బను కత్తిరిస్తున్నవి, తాడు లాగి తెర తీస్తున్నవి. కుళాయి మీద తెర, మరుగుదొడ్డి మీద తెర, ఆఖరికి రోడ్డు మీద స్పీడు బ్రేకరుకి కూడా తెర కట్టి తీశారు. అన్నిటిలోనూ ఆయన ఒక్కలాగే నవ్వుతున్నారు. సన్యాసమ్మ ఆ ఫొటోలు చూస్తూ నిలబడిపోయింది.

"సదరు మహిళ సమస్య ఏమి?" అని కమిషనర్ గారు ఏఈని అడిగారు, ఆమె ఎదురుగానే ఉన్నా.

"నా కొడుకుని బయటికి ఒదలండి బాబూ. రేపు పెళ్ళి."

"విడుదల చేయుటకు ఆయన ఖైదీ కాదు. ఆయన విధి నిర్వహణలో ఉన్నారు. ఆయన బయటకు వచ్చినచో మార్గము ఏర్పడును. మార్గము ఏర్పడినచో భద్రత లోపించును. భద్రత లోపించినచో దానిని మూయుటకు ఆయన లోపలికి పోవలెను. అనగా ఆయన లోపల ఉన్నారు. ఉన్నవారిని మరల పంపుటకు ముందు బయటికి తీయుట వృథా శ్రమ."

గురయ్య నోరు తెరుచుకుని విన్నాడు. "బాగానే సెప్పినాడు సెల్లీ" అన్నాడు నెమ్మదిగా.

"నువ్వుండు అన్నా! బాబూ, ఆడికి బదులు నాను లోపలికెల్తాను. మేకులు కొట్టడం నాకూ వొచ్చు."

"కొత్త నియామకములపై నిషేధము ఉన్నది."

"మరి దండులో మడిసన్నవాడే నేడు గదా! రేపు ఇంకో కిటికీ పగిల్తే ఎవుడు మూత్తాడు?"

కమిషనర్ గారికి పౌరుషం వచ్చింది. అక్కడికక్కడే ఏఈ చేత రాయించారు: "సిబ్బంది లేరను సాకు చెల్లదు. సిబ్బంది లేని చోట, ఆ స్థలమందు హాజరైయున్న అత్యున్నత అధికారి స్వయముగా సుత్తి చేపట్టి మూయవలెను. మినహాయింపు లేదు."

రాస్తున్న ఏఈ ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. ఊళ్ళో ఎక్కడ కిటికీ పగిలినా అక్కడ హాజరయ్యే పెద్ద అధికారి తనే.

బయటికొచ్చాక గురయ్య అన్నాడు: "ఇక నా తప్పేం నేదు సెల్లీ. ముగుర్తానికి పెళ్ళికొడుకు పీట మీద నేకపోతే నా పిల్లని నాను సూసుకోవాల."

"రేపు ముగుర్తం ఏలకి సూద్దువు గాని" అంది సన్యాసమ్మ. తిన్నగా పురోహితుడి ఇంటికి వెళ్ళింది.

"పంతులుగారూ, పెళ్ళిలో పిల్లకీ పిల్లోడికీ నడుమ అడ్డుతెర కడతారు గదా. అది గుడ్డే కావాలేటి?"

పంతులుగారు విసనకర్ర ఆపి ఆలోచించారు. "ముహూర్తం దాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకూడదు, అంతేనమ్మా. గుడ్డయితేనేం, చాపయితేనేం."

"సెక్కయితేనో?"

"చెక్కయితే మరీ మంచిది. గాలికి ఎగరదు. కాని సరిగ్గా సుముహూర్తానికి తెర తీసి తీరాలి. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాలి. అది పెట్టకపోతే పెళ్ళి కాదు."

"తీసేవోడు నాకు దొరికినాడు" అంది సన్యాసమ్మ.

అక్కణ్ణుంచి ఏఈ ఇంటికి వెళ్ళింది. అతను జ్వరం వచ్చినట్టు దుప్పటి కప్పుకుని కూచున్నాడు. రేపు మండపం దగ్గర కమిషనర్ బాబు చేత తెర తీయించే ఉత్సవం పెడదామంది. కమిషనర్ గారు వస్తారు అన్న ముక్క వినగానే అతను దుప్పటి తీసి పారేశాడు. ఆయన వస్తే అక్కడ అత్యున్నత అధికారి తను కాదు.

"నేనే తీసుకొస్తానమ్మా. ఒట్టు!" అన్నాడు.

గురువారం పొద్దున మండపం ముందు వీధిలోనే పందిరి వేశారు. సన్నాయి మోగుతోంది. వరహాలుని మేనమామ గంపలో కూచోబెట్టి ఎత్తుకొచ్చి, కిటికీ ఎత్తుకి సరిపోయేలా బల్ల మీద దింపాడు. కిటికీ చెక్కల మీద నీలం ముఖమల్ గుడ్డ, దానికి కుచ్చు తాడు. పక్కనే బోర్డు: 'ఆదర్శ భద్రతా భవన ఆవిష్కరణ మహోత్సవం'. గుడ్డ వెనక చెక్క, చెక్క వెనక తవుడు. కొత్త పంచె సందులో పట్టదు కాబట్టి, బెత్తెడు వెడల్పు తలపాగా గుడ్డ ఒకటి మెల్లగా సందులోంచి లోపలికి లాక్కుని చుట్టుకున్నాడు. జీలకర్ర బెల్లం ముద్ద తమలపాకులో నొక్కి పల్చగా చేసి, ఎండుచేప వెళ్ళిన దారినే పంపారు.

గురయ్య మాత్రం పందిట్లో కూచోలేదు. చెప్పులు వేసుకుని వీధి మొగలో నిలబడ్డాడు.

కమిషనర్ గారు వచ్చారు. మెడలో దండ పడింది. ప్రసంగం మొదలైంది. "చోరశిఖామణులకు ఇది చెంపపెట్టు..." అని ఆయన అందుకుంటే పంతులుగారు గడియారం వైపు చూశారు. ప్రసంగం ఇంకా దొంగల దగ్గరే ఉంది. గురయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. సన్యాసమ్మ ఇక ఆగలేదు. కుచ్చు తాడు తీసుకెళ్ళి కమిషనర్ గారి చేతిలో పెట్టింది.

అంతే. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి దానంతటదే లాగింది. ముఖమల్ జారింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక చెక్క కనిపించింది.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించాడు. "సార్, తెర తీశారు గాని వెనకేం లేదు సార్. మళ్ళీ తెరే ఉంది."

"సుముహూర్తం!" అని అరిచారు పంతులుగారు. "తెర తీయండి! తెర!"

"తెర తీయండి బాబూ!" అన్నారు జనం. కెమెరా మళ్ళీ పైకి లేచింది. కమిషనర్ గారికి తెర అన్న మాట చెవిన పడితే ఇక చెయ్యి ఆగదు.

"ఆవిష్కరణ నిమిత్తము," అని ఆయన గట్టిగా ప్రకటించారు, "లోపలి సిబ్బంది సదరు చెక్కలను దించుటకు అనుమతి ఇవ్వడమైనది! అది ధ్వంసము కాదు, ఉత్సవము!"

ఆ మాట పూర్తయ్యే లోపల మేకులు గీరుమని ఊడాయి. చెక్కలు పడ్డాయి. తలపాగా, బూజు, దాని కింద ఇంత నవ్వుతో తవుడు బయటపడ్డాడు. ఆకులోంచి వచ్చిన జీలకర్ర బెల్లం వరహాలు తల మీద పెట్టాడు. ఆమె తన ముద్ద అతని నెత్తిన గట్టిగానే అదిమింది.

"బొప్పి కట్టిపోద్దే!"

"కట్టనీ. మండపంతో రెండు రోజులు కాపరం సేసినావు గదా."

వాద్యాలు మోగాయి. అక్షింతలు పడ్డాయి. తవుడు కిటికీ దాటి పందిట్లోకి దూకి తాళి కట్టాడు. గురయ్య చెప్పులు విడిచి వచ్చి కళ్ళొత్తుకున్నాడు. పక్కవాడితో "నా అల్లుడు మునిసిపాలిటీ" అన్నాడు. ఫొటోలు బాగా వస్తున్నాయని సంతోషించి కమిషనర్ గారు వరుడికి అక్కడికక్కడే పెళ్ళి సెలవు కూడా మంజూరు చేశారు.

అప్పుడు ఏఈ ఆనందమోహన్ వినయంగా చెయ్యెత్తాడు. "సార్, ఒక ద్వారం తెరిచి ఉంది. తక్షణం మూయాలి. సిబ్బంది అందరూ లోపల, ఉన్న ఒక్కడూ సెలవులో. తమరి నిన్నటి ఉత్తర్వు ప్రకారం..."

కమిషనర్ గారు అటూ ఇటూ చూశారు. మొహంలో రంగు మారబోతుండగా ఫొటోగ్రాఫర్ అందుకున్నాడు. "లాంఛనంగా మొదటి మేకు తమరే కొట్టండి సార్. లోపలి నుంచి. వెలుగు బాగుంది."

ఏఈ కింద నుంచి ఎత్తాడు, జనం ముందుకి తోశారు, కమిషనర్ గారు కిటికీలోంచి లోపలికి దిగారు. తవుడు సుత్తి అందించాడు. మొదటి మేకుకి చప్పట్లు. రెండో మేకుకి ఈల వేశారు. ఆయనకి ఉత్సాహం పుట్టింది. చెక్క మీద చెక్క వేసి, వేలు చితికినా లెక్కచేయక, మొహం కనబడినంత సేపూ కెమెరాకి నవ్వుతూ కొట్టారు. ఆఖరి చెక్క పడ్డాక ఫొటోగ్రాఫర్ కెమెరా సంచిలో పెట్టేశాడు. జనం బంతి వైపు కదిలారు. ఆ రోజు గుమ్మడికాయ దప్పళం.

కాసేపటికి లోపలి నుంచి చెక్క మీద దబదబ చప్పుడైంది.

"ఆనందమోహన్! ఇప్పుడు నేను బయటికి ఎలా వచ్చేది?"

ఆ కంగారులో ఆయన మామూలు మాటలే మాట్లాడారు.

"ఉత్తర్వులో మూయడం గురించే ఉంది సార్" అన్నాడు ఏఈ, విస్తరి ముందు నుంచి లేవకుండానే. "బయటికి రావడం గురించి లేదు."

"అయితే సవరణ ఉత్తర్వు తయారుచెయ్యి! సంతకం పెడతాను!"

"చేస్తాను సార్. తమరి బల్ల మీద పెడతాను. తమరు ఆఫీసుకి రాగానే పెట్టేద్దురు గాని."

లోపల సుత్తి నేల మీద పడ్డ చప్పుడు.

సన్యాసమ్మకి జాలేసింది. కొత్త కోడలిని, కొడుకుని బంతిలో కూచోబెట్టి, కొంగు బిగించుకుని ఎదురు పెరట్లోకి వెళ్ళింది. బొప్పాయి ఆకు ఒకటి తెంపి, కాడ నరికి, సందులో దూర్చింది. ఇవతల నుంచి కుండ వంచింది.

"నోరెట్టండి బాబూ. చోడంబలి. బేగి తాగీండి, పొద్దున్నే హాజరుకి లెగాల."